మంచుపొరలలో సీసపు జాడ

సీసమనగానే సాహిత్యాభిమానికి ముందుగా స్ఫురించేది పద్యం. ఆటవెలదితోనో తేటగీతితోనో ముగిసే ఆ నడక తెలుగువారి చెవికి అంతగా పరిచితమైనది. అదే పేరుగల లోహానికీ అక్షరానికీ కూడ ఒకప్పుడు దగ్గరి చుట్టరికం ఉండేది. సీసం ప్రధానంగా గల మిశ్రలోహాన్ని కరగించి పోతపోసిన అచ్చులను ఒక్కొక్కటిగా కూర్చిన రోజులలో ప్రబంధాలు, పంచాంగాలు, పత్రికలు అన్నీ ఆ లోహం మీదుగానే పాఠకుని చేరినవి. జాలరి వలకు బరువు, తుపాకికి గుండు, గోడల రంగుకు నిండుదనం, మట్టిపాత్రకు మెరుపు, డబ్బాల అతుకులకు పట్టు - ఇన్నిటికీ సీసమే కావలసి వచ్చింది. ఆయుర్వేదం దీనిని నాగమని పిలిచింది. కొద్ది వేడికే కరిగి, వంచినట్లు వంగి, ఏళ్లకొలది చెడక నిలిచే ఈ లోహం మానవుని చేతికి చిక్కిన నాటినుండి అతనిని విడిచిపెట్టలేదు.

మనిషి చేయి తగిలినచోట సీసం కనబడడంలో వింత లేదు. మనిషి అడుగైనా పడనిచోట కనబడితే ఏమనుకోవాలి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతూ ఇరవయ్యవ శతాబ్దంలో కొందరు శాస్త్రజ్ఞులు భూమికి ఇరుకొసల ఉన్న మంచు ఎడారులకు ప్రయాణం కట్టినారు. వారు తెచ్చిన మంచులో దొరికిన సీసం కంటికి కనబడేది కాదు, నాలుకకు తెలిసేది కాదు. అయినా ఆ అణుమాత్రపు సీసమే ప్రభుత్వాల చేత చట్టాలు చేయించింది.

ఉత్తరాన గ్రీన్లాండు నడిబొడ్డున, దక్షిణాన అంటార్కిటికా పీఠభూమిపైన కురిసిన మంచు కరగిపోదు. ఈ ఏటి మంచు నిరుటి మంచును కప్పుతుంది. ముందటేడు పడినది దాని క్రింద అణగి ఉంటుంది. పైబరువుకు మెల్లమెల్లగా గట్టిపడి క్రిందిపొరలు మంచుగడ్డలవుతవి. ఆకాశంనుండి దిగివచ్చేటప్పుడు మంచు తనతోపాటు గాలిలోని ధూళిని, సముద్రపు ఉప్పును, అగ్నిపర్వతాల బూడిదను, కొలిమి పొగను కూడ రవ్వంత తెచ్చుకొంటుంది. వేసవి మంచుకూ శీతకాలపు మంచుకూ గుణభేదం ఉండడంవల్ల చాలచోట్ల ఈ పొరలను ఏడాదికొకటిగా లెక్కపెట్టవచ్చును. ప్రసిద్ధమైన అగ్నిపర్వతం ఎప్పుడు ప్రేలిందో చరిత్రలో తెలిసి ఉంటే, దాని బూడిద చిక్కిన పొర ఆ లెక్కకు గట్టి గుర్తవుతుంది. ఏ రాజూ ఆజ్ఞాపించక, ఏ లేఖకుడూ కూర్చొనక, వేల సంవత్సరాలుగా నడుస్తున్న దినచర్య అది.

అయితే ఆ దినచర్యలోని అక్షరాలు మిక్కిలి సన్ననివి. ప్రాచీనకాలపు ధ్రువమంచులో ఒక కిలోకు గ్రాములో వందకోట్లవ వంతు సీసమైనా ఉండదు. ఈ మాట చెవికి వినబడుతుందే గాని మనసుకు అందదు. బియ్యపుగింజ ఒకటి సుమారు ఇరవై మిల్లీగ్రాములు తూగుతుందని అనుకొందాము. పది టన్నుల లారీలు రెండువేలు బారులు తీర్చి, వాటినిండా తెల్లని బియ్యం పోసి, ఆ మొత్తంలో ఒకే ఒక్క నల్లగింజను కలిపితే ఏర్పడే పాలు ఎంతో, కిలో మంచులో గ్రాములో వందకోట్లవ వంతు సీసమంటే అంత. ఇకముందు చెప్పే లెక్కలకు ఈ రెండువేల లారీలనే ఒక రాశిగాను, నల్లగింజనే కొలమానంగాను ఉంచుకొంటే సులభంగా ఉంటుంది.

ఇంత సూక్ష్మమైన పరిమాణాన్ని కొలవడం నేర్పినవారిలో అగ్రగణ్యుడు క్లేర్ పాటర్సన్. 1922లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జన్మించిన ఈ రసాయనశాస్త్రజ్ఞుడు మొదట మంచు జోలికి గాని, గాలి జోలికి గాని పోయినవాడు కాడు. ఆయన కోరింది భూమి వయస్సు కనుగొనడం. యురేనియం కోట్ల సంవత్సరాలమీద సీసంగా మారుతుంది గనుక, శిలలలోని సీసాన్ని ఖచ్చితంగా పరీక్షిస్తే వాటి వయస్సు తెలుస్తుంది. షికాగో విశ్వవిద్యాలయంలో గురువు హారిసన్ బ్రౌన్ ఆయనకు అప్పగించిన పని అది. చూడబోతే తేలిక, చేయబోతే కొండ.

పాటర్సన్ కొలిచిన ప్రతిసారీ ఉండవలసిన దానికంటె ఎక్కువ సీసం కనబడసాగింది. తప్పు శిలలో లేదు. బల్లమీద పడిన ధూళిలో సీసమున్నది. కుళాయి నీటిలో ఉన్నది. గాజు పాత్రలలో ఉన్నది. శుద్ధమైనవని పేరుగాంచిన రసాయనాలలో ఉన్నది. పరీక్షించే మనిషి జుట్టులోను, చర్మంమీద, ధరించిన బట్టలలోను ఉన్నది. శిలలోని సీసాన్ని కొలుస్తున్నానని అనుకొన్నవాడు నిజానికి తన పరిసరాల సీసాన్నే కొలుస్తున్నాడన్నమాట. గురివింద గింజ తన నలుపెరుగదని మన పెద్దలన్నారు. ప్రయోగశాల కూడ తన నలుపును ఎరుగదు. ఎరిగించేవాడొకడు కావాలి.

1952లో పాటర్సన్ పసదేనాలోని కాలిఫోర్నియా టెక్నాలజీ సంస్థకు చేరి, అక్కడ ఒక అపూర్వమైన ప్రయోగశాలను నిర్మించుకొన్నాడు. దానిని తెలుగువానికి వివరించాలంటే మడివంటగదిని మించిన పోలిక లేదు. లోపలికి వచ్చే గాలిని వడగట్టవలసిందే. పాత్రలను ఆమ్లంలో నానవేసి, పరిశుద్ధజలంతో పలుమార్లు కడగవలసిందే. వాడే నీటిని, ఆమ్లాన్ని అక్కడనే మరల మరల శుద్ధి చేయవలసిందే. వెలుపలి బట్టలతో ఎవరూ లోపల అడుగుపెట్టరాదు. మన ఇండ్లలో మడి కట్టుకొన్న అమ్మమ్మ పిల్లలను దూరంగా ఉండుమని కసరినట్లే, ఆయన తన శిష్యులను శాసించేవాడని ప్రతీతి. అమ్మమ్మ మడి ఆచారానికి సంబంధించినది. పాటర్సన్ మడి అంకెకు సంబంధించినది.

ఇంత మడి కట్టినా మైల పూర్తిగా పోదని ఆయనకు తెలుసు. అందుచేత ప్రతి ప్రయోగానికీ జంటగా ఒక ఉత్త ప్రయోగం జరిపేవాడు. అందులో శిల ఉండదు, మంచు ఉండదు. అవే పాత్రలు, అదే నీరు, అవే ఆమ్లాలు, అవే చేతులు ఉంటవి. చివరకు అందులో దొరికిన సీసమంతా కొలిచేవానిదే. దానిని తీసివేయగా మిగిలినదే కొలవబడిన వస్తువుకు చెందుతుంది. ఎదుటి వస్తువును గురించి ఒక్కమాట చెప్పడానికి ముందు తన దోషమెంతో అంకెలలో చెప్పుకొనవలెనన్న నియమం ఇది. శాస్త్రంలో దీనికి మించిన వినయం మరొకటి ఉండదు. ఈ క్రమశిక్షణతోనే ఉల్కాశకలాల సీసాన్ని పరీక్షించి, భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరాలని ఆయన 1956లో ప్రకటించినాడు. నేటికీ ఆ అంకె దాదాపుగా అట్లే నిలిచి ఉన్నది.

అణుమాత్రపు సీసాన్ని లెక్కించే యుక్తి కూడ ఇక్కడ తెలుసుకొనదగినది. ఒకే మూలకానికి చెందినవై బరువులో మాత్రం భేదించే పరమాణువులను ఐసోటోపులంటారు. సహజంగా దొరికే సీసంలో ఇవి నాలుగు విధాలు. ఎన్ని గింజలున్నవో తెలియని బియ్యపు కుప్ప ఒకటి ఉన్నదనుకొందాము. పసుపు పూసిన గింజలు సరిగా వేయి లెక్కపెట్టి అందులో వేసి బాగుగా కలిపి, గుప్పెడు తీసి చూడాలి. ఇరవై తెల్లగింజలకొక పసుపుగింజ వంతున కనబడితే కుప్పలో ఇరవైవేల తెల్లగింజలున్నట్లు తేలుతుంది. కలిపిన తరువాత కొన్ని గింజలు ఒలికిపోయినా లెక్క తప్పదు, ఎందుకంటే తెల్లవీ పసుపువీ ఒకే పాళ్లలో పోతవి. మంచునీటిలోనూ ఇదే పద్ధతి. ఒక ఐసోటోపు మాత్రమే అధికంగా గల సీసాన్ని తెలిసిన పరిమాణంలో కలిపి, మాస్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రంతో ఆ పాళ్లను చూస్తారు. ఒలికిపోయినది లెక్కను చెడగొట్టదు. వెలుపలినుండి వచ్చి కలిసినది మాత్రం చెడగొడుతుంది. కనుకనే అంత మడి అవసరమయింది.

భూమి వయస్సు తేలినది. కాని తన ప్రయోగశాలను మైలపరచిన సీసం ఎక్కడినుండి వచ్చిందన్న శంక పాటర్సన్‌ను విడువలేదు. 1963లో ఆయన సహచరునితో కలిసి సముద్రజలాన్ని పరీక్షించినప్పుడు, లోతునీటికంటె పైనీటిలో సీసం చాల హెచ్చుగా ఉన్నట్లు తేలింది. పైనుండి క్రొత్తగా ఏదో కురుస్తున్నదన్నమాట. ఆ కురిసేది ఏమిటో ఊహించడానికి ఆయనకు ఎక్కువ కాలం పట్టలేదు.

మోటారు ఇంజనులో పెట్రోలు టకటకమని కొట్టుకొనకుండా సాఫీగా మండడానికి టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం పనికివస్తుందని 1921లో జనరల్ మోటార్సు ఉద్యోగి థామస్ మిడ్జ్లీ కనుగొన్నాడు. 1923లో అది అంగడికెక్కింది. మరుసటి ఏడే న్యూజెర్సీలోని ఒక కర్మాగారంలో దానిని తయారుచేసే పనివారు అయిదుగురు మతి చలించి మరణించినారు. కొంత అలజడి రేగి అణగిపోయింది. ఆపైన నలభై ఏళ్లపాటు సీసపు క్షేమాన్ని గురించి అమెరికాలో అధికారంతో మాట్లాడినవాడు వైద్యుడు రాబర్ట్ కీహో. ఆయన ప్రయోగశాలకు పోషకులు ఆ పరిశ్రమవారే. సీసం ప్రకృతిలో ఉన్నది, ప్రతి మనిషి దేహంలోను ఉన్నది, మెక్సికోలోని మారుమూల పల్లెవాసులలో కూడ ఉన్నది, కనుక అది సహజం, ఒక మేరకు లోపున హాని చేయదు - ఇది ఆయన వాదసారం.

వినడానికి సబబైన వాదమే. అందరిలోనూ ఉన్నది గనుక సహజమని అనుకొనడం లోకంలో పరిపాటి. కాని సహజమేదో తేల్చాలంటే మైలపడని వస్తువు ఒకటి పోలికకు దొరకాలి. అందరూ మైలపడిన తరువాత వారిలో వారిని పోల్చుకొంటే భేదమేమి తెలుస్తుంది? పాటర్సన్ 1965లో ప్రచురించిన వ్యాసంలో పెట్టిన ఆక్షేపణ ఇదే. తన కాలపు అమెరికను దేహంలోని సీసం సర్వసాధారణమే గాని సహజం కాదనీ, సహజమైన దానికి అది సుమారు నూరురెట్లున్నదనీ ఆయన లెక్కకట్టినాడు. దాని ఫలితం ఆయన వెంటనే అనుభవించినాడు. అంతవరకు ఆయన పరిశోధనకు ద్రవ్యమిచ్చిన పెట్రోలియం సంస్థలు చేయి ముడుచుకొన్నవి. 1966 జూన్‌లో సెనేటరు మస్కీ అధ్యక్షతన జరిగిన విచారణలో కీహో తన మాట చెప్పినాడు, పాటర్సన్ తన మాట చెప్పినాడు. ఇరువురిలో ఎవరిది నిజమో చెప్పగల మూడవ సాక్షి కావలసి వచ్చింది.

ఆ సాక్షి మంచు. మోటారు పుట్టకముందు కురిసిన మంచు, గనులు తవ్వకముందు కురిసిన మంచు గ్రీన్లాండులో చెక్కుచెదరక ఉన్నది. అక్కడ అమెరికా సైన్యం మంచుక్రింద సొరంగాలు త్రవ్వి క్యాంప్ సెంచరీ అనే స్థావరం నెలకొల్పి ఉన్నది. జపానుకు చెందిన మసాయో మురోజుమి, మరొక సహచరుడు చౌ, పాటర్సన్ - వీరి బృందం ఆ స్థావరంలో ఏటవాలుగా దిగిన సొరంగంనుండి పాతమంచును, స్థావరానికి దూరంగా ఎవరూ తొక్కనిచోట క్రొత్తమంచును సేకరించింది. ఒక్కొక్క నమూనాకు పదులకొలది కిలోల మంచు కావలసి వచ్చింది. గడ్డకట్టే చలిలో పనివారు శుభ్రపరచిన ప్లాస్టిక్కు దుస్తులు, చేతితొడుగులు ధరించి, ఆమ్లంతో కడిగిన రంపాలతో కోసి, ఆమ్లంతో కడిగిన పాత్రలలో నింపినారు. పసదేనాలోని మడి ధ్రువందాక నడిచి వెళ్లిందని చెప్పవచ్చును.

1969లో ఫలితాలు వెలువడినవి. క్రీ.పూ. 800 ప్రాంతపు మంచులో, మన కొలమానం ప్రకారం, రాశికి ఒక్క నల్లగింజైనా లేదు. 1750 నాటికి గింజలు పెరిగి ఉన్నవి. యూరపులో లోహాలు కరగించే కొలుములు హెచ్చినకొద్దీ అవి ఇంకా పెరిగినవి. 1940 తరువాత నిట్టనిలువుగా ఎగసినవి. అది పెట్రోలుతోపాటు సీసం విరివిగా మండిన కాలం. 1965 నాటి మంచులో రాశికి రెండువందల గింజలను మించినవి. అంటే ఇన్నూరు రెట్ల పైమాట. అంటార్కిటికా మంచులో కూడ పెరుగుదల కనబడింది గాని అక్కడ ఇరవై గింజలే. మోటార్లలో అధికభాగం ఉత్తరార్ధగోళంలోనే నడిచినవి గదా!

ఇక్కడితో కథ ముగిసి ఉంటే సుఖంగా ఉండేది. కాని ఇతర ప్రయోగశాలలవారు ప్రాచీనమంచును కొలిచి, అందులోనూ సీసం దండిగా ఉన్నదని ప్రకటించసాగినారు. అదే నిజమైతే క్రొత్తగా పెరిగినది ఏమీ లేనట్లే. లోతుపొరలనుండి మంచుస్తంభాలను తీయడానికి బరమావంటి యంత్రాన్ని దింపుతారు. ఆ యంత్రపు లోహం, రంధ్రంలో పోసే ద్రవం స్తంభాన్ని అంటుకొని మైలపరుస్తవి. 1980ల నాటికి పాటర్సన్, ఆయన సహచరులు ఇందుకొక ఉపాయం అమలుపరచినారు. స్తంభాన్ని వెలుపలినుండి నడిమికి పొరతరువాత పొరగా ఉలితో చెక్కి, ప్రతి పొరను వేరుగా కొలిచినారు. వెలుపలి పొరలో సీసం కొల్లలు. లోనికి పోయినకొద్దీ అది తరుగుతూ వచ్చింది. ఒకచోట తరగడం ఆగి, అటుపైన లోపలివరకు సమంగా ఉంటే, అదే మంచు తన సొంతమాట. నడిమిదాక తరుగుతూనే ఉంటే ఆ నమూనా పనికిరాదని పారవేసినారు. అరటిబోదెను ఒలిచి ఊచను చేరినట్లు వారు సత్యాన్ని చేరినారు. అక్కడ లభించిన అంకె మునుపటి అంకెలకంటె కూడ చిన్నది.

ఫ్రాన్సుకు చెందిన క్లోద్ బూత్రోన్ ఈ విద్యను ఇంకా ముందుకు తీసికొనిపోయినాడు. 1994లో ఆయన బృందం గ్రీన్లాండు మంచులో రోమను సామ్రాజ్యాన్ని చూపించింది. సహజంగా రాశికి అరగింజ ఉండవలసిన సీసం, క్రీ.పూ. 500 మొదలు క్రీ.శ. 300 వరకు నాలుగురెట్లు హెచ్చి రెండుగింజలైనది. వెండికోసం సీసపు ఖనిజాన్ని కరగించిన గ్రీకు, రోమను కొలుముల పొగ వేలమైళ్లు సాగిపోయి ఉత్తరధ్రువపు మంచులో చిక్కుకొన్నదన్నమాట. ఒక్కొక్క గని సీసానికి ఐసోటోపుల పాళ్లు ఒక్కొక్క తీరుగా ఉంటవి గనుక అది ఏ గనిదో కూడ పోల్చవచ్చును. 1997లో ప్రకటించిన ఒక పరిశోధనవల్ల క్రీ.పూ. 150 నుండి క్రీ.శ. 50 వరకు పడిన సీసంలో సుమారు 70 శాతం స్పెయినులోని రియో తింతో ప్రాంతానిదని తేలింది. 2018లో మరింత దగ్గరగా పొరలు చదివినవారికి యుద్ధాలు, మహమ్మారులు కూడ కనబడినవి. క్రీ.శ. 165లో రోమను సామ్రాజ్యంలో మహామారి ప్రబలినప్పుడు గనులలో పనిచేసే చేతులు కరవై, మంచులోని సీసం పడిపోయింది. చరిత్రకారుల గ్రంథాలు శిథిలమైనచోట కొలిమి పొగ సాక్ష్యమిచ్చింది.

దక్షిణధ్రువపు సంగతి మరీ విచిత్రమైనది. 1911 డిసెంబరులో రోఆల్డ్ అముండ్‌సెన్ ఆ ధ్రువం మీద మొదటిసారిగా కాలుపెట్టినాడు. అంతకుముందు అక్కడికి మనిషి పోలేదు. కాని మనిషి పొగ పోయింది! పలుచోట్ల తీసిన మంచుస్తంభాలను పరీక్షించి 2014లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పరిశ్రమల సీసం అంటార్కిటికాకు 1889 నాటికే చేరి ఉన్నది. దాని ఐసోటోపులు ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గనుల ఖనిజానికి సరిపోయినవి. కన్యభూమిపై మొదటి అడుగు తనదని పొంగిన వీరునికంటె ఇరువదిరెండేళ్ల ముందుగానే మానవుని మైల అక్కడ అడుగుపెట్టింది.

ఈ అంకెలు లోకానికి చేసిన మేలేమిటి? సీసం పసిపిల్లల మెదడుకు హాని చేసే విషమని వైద్యులు ఒకవంక నిరూపిస్తూ వచ్చినారు. అది సహజం, మానవ ప్రమేయం స్వల్పమనే వాదానికి మంచు మరొకవంక స్థానం లేకుండ చేసింది. 1970లలో అమెరికా పెట్రోలులోని సీసాన్ని తగ్గించసాగింది. 1976కు 1980కి నడుమ ఆ దేశప్రజల నెత్తురులోని సీసం సగటున 37 శాతం తగ్గినట్లు జాతీయ సర్వేలో తేలింది. 1991లో బూత్రోన్ బృందం మరల గ్రీన్లాండు మంచును చదివి, గడచిన ఇరవై ఏళ్లలో సీసం ఏడున్నర రెట్లు తగ్గిందని ప్రకటించింది. చట్టం చేసిన చోటొకటి, దాని ఫలం కనబడిన చోటొకటి. పొగ వెళ్లిన త్రోవనే మేలు కూడ వెళ్లింది.

పాటర్సన్ 1995 డిసెంబరులో కన్నుమూసినాడు. ఆ మరుసటి నెలనుండి అమెరికాలో రోడ్లపై తిరిగే వాహనాలకు సీసపు పెట్రోలు పూర్తిగా నిషిద్ధమైనది. మన దేశంలో 2000లో అది దేశమంతటా నిలిచిపోయింది. హైదరాబాదు, విజయవాడ వీధులలో తిరిగే పిల్లల ఊపిరికి గ్రీన్లాండు సొరంగంలో ఎవరో మంచు కోసిన నాటి శ్రమకూ సంబంధం ఉన్నదని ఎంతమందికి తెలుసు? 2021 జూలైలో అల్జీరియాలో చివరి నిల్వలు ముగియడంతో ప్రపంచమంతటా మోటారుకార్ల పెట్రోలునుండి సీసం తొలగిపోయింది. మిడ్జ్లీ కనుగొన్న నాటినుండి సరిగా నూరేళ్లు.

సీసపు పీడ అంతటితో తీరిపోలేదు. పాత బ్యాటరీలు కరగించే కొలుములున్నవి, కొన్ని రంగులున్నవి, లోహపు గనులున్నవి. అంటార్కిటికా క్రొత్తమంచులో సహజాన్ని మించిన సీసం ఇరవయ్యొకటవ శతాబ్దంలో కూడ కనబడుతూనే ఉన్నది. పాదరసం మొదలైన ఇతర విషాల కొలతకూ ఇప్పుడు అదే మడి, అదే ఉత్త ప్రయోగం, అదే ఉలి ఉపయోగపడుతున్నవి. ఇక 1965 నాటి మంచుపొర మాత్రం ఎక్కడ పడినది అక్కడనే, పైన పేరుకొనే మంచుక్రింద ఏటేటా మరికొంత లోతుకు దిగుతున్నది. ఆ రెండువందల నల్లగింజలను ఏ చట్టమూ ఏరివేయజాలదు. రాబోయే తరాలవారు ఎప్పుడు ఆ పొరను తీసి చూచినా, తమ చేతుల మైలను ముందు తీసివేసుకొన్నవారికి ఆ లెక్క మరల అంతే వస్తుంది.